మూడు రోజుల చొక్కా

కాస్ట్యూమ్ స్టోర్‌లో ఇరవై రెండు ట్రంకు పెట్టెలున్నాయి. ఒక్కో పెట్టె మీద తెల్ల పెయింటుతో పేరు రాసి ఉంది. పోలీసు. డాక్టరు. కోర్టు. పెళ్ళి – ధనిక. పెళ్ళి – మామూలు. కిటికీ కింద ఉన్న పెట్టె అన్నింట్లోకీ పెద్దది. దాని మీద, పేద – మగ.

"అందులోంచి ఒక చొక్కా తియ్యమ్మా," అంది డిజైనర్ మేడమ్.

అమ్మాయి మూత ఎత్తింది. టీపొడి, బూటుపాలిష్, చెమ్మ కలిసిన వాసన గుప్పుమంది. పైనున్న చొక్కాని రెండు వేళ్ళతో పట్టుకుని తీసింది. మోచేతుల దగ్గర చిరుగు, భుజం మీద నీలం గుడ్డకి ఎర్రని అతుకు, అతుకు చుట్టూ గోనెసంచికి వేసినంత పెద్ద పెద్ద కుట్లు. కాలరు పాలిష్‌తో నల్లగా మెరుస్తోంది.

"ఇదెవరిది మేడమ్?"

"ఎవరిదీ కాదు, మనం తయారుచేసిందే. ఇరవై సీరియళ్ళలో నటించింది. ఈ ఫీల్డులో నీకంటే సీనియర్."

పక్కన ఇంకో ట్రైనీ నవ్వాడు. ఎప్పుడూ చేతిలో రంగునీళ్ళ సీసా పట్టుకుని తిరుగుతాడని యూనిట్లో అందరూ అతన్ని స్ప్రే అని పిలుస్తారు. అమ్మాయిని నోట్‌బుక్ అంటారు. ఇద్దరిదీ కాస్ట్యూమ్ డిజైన్ కోర్సులో ఆఖరి టర్మ్. ఆరు వారాలు ఈ టీవీ సీరియల్ దగ్గర పని చేయాలి. చివర్లో మేడమ్ లాగ్‌బుక్‌లో 'స్వతంత్రంగా పని చేయగలరు' అని ఒక వాక్యం రాసి సంతకం పెట్టాలి. ఆ వాక్యం లేని లాగ్‌బుక్కుకి కాలేజీవాళ్ళు సర్టిఫికెట్ ఇవ్వరు.

గురువారం తీయబోయే సీను చిన్నది. ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తన కూతురికి సీటు అడగడానికి పెద్ద స్కూలుకి వెళ్తాడు. ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంటాడు. నాలుగు మాటలు మాట్లాడి లేచి వచ్చేస్తాడు.

అమ్మాయి చేతిలోని చొక్కాని అటూ ఇటూ తిప్పింది.

"ఇది వేసుకుని వెళ్తాడా మేడమ్?"

"ఎక్కడికి?"

"సీటు అడగడానికి."

స్ప్రే తలొంచుకుని సీసా మూత బిగించడం మొదలుపెట్టాడు. మేడమ్ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. కోపం తెచ్చుకోలేదు.

"చూడమ్మా. మన సీరియల్ని జనం కూరగాయలు తరుగుతూ చూస్తారు. తలెత్తి చూసేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో వీడు పేదవాడని తెలిసిపోవాలి. తెలియకపోతే డైరెక్టరు నన్నడుగుతాడు, నిన్ను కాదు."

"ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుంటాడు కదా మేడమ్. ఉతికి, ఇస్త్రీ చేసి."

"అది నీకు తెలుసు. కెమెరాకి తెలియద్దూ?"

అమ్మాయి నోట్‌బుక్ తీసి 'కెమెరాకి ఎలా తెలుస్తుంది?' అని రాసుకుంది. ఆమె నిజంగానే రాసుకోవడం చూసి మేడమ్‌కి నవ్వొచ్చింది. షెల్ఫ్ మీద ఒకే తానులోంచి కుట్టించిన నాలుగు కొత్త చొక్కాలున్నాయి. లేత బూడిద రంగువి. రెండు తీసి ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది.

"ఇవాళ శనివారం. గురువారం పొద్దున్నే ట్రయల్. వీటికి ఎనిమిదేళ్ళ వయసు రావాలి. ఎవరిది బాగుంటే అది కెమెరా ముందుకి వెళ్తుంది. రెండూ బాగోకపోతే మన సీనియర్ ఎలాగూ ఉన్నాడు. మీ లాగ్‌బుక్‌లో నేను రాసేది కూడా ఆ రోజే రాస్తాను."

స్టోర్ వెనక కుళాయి దగ్గర స్ప్రే పని చకచకా సాగింది. గరుకు కాగితంతో మోచేతులు రుద్దాడు. చిక్కటి టీ నీళ్ళలో ముంచాడు. జేబు అంచుని బ్లేడుతో గీకాడు. గంటలో చొక్కాకి నాలుగేళ్ళు మీద పడ్డాయి. అమ్మాయి మాత్రం చొక్కాని చాకలి సోడా నీళ్ళలో ఉడకబెట్టి, జాడించి, ఎండలో ఆరేసి, మళ్ళీ ఉడకబెట్టింది. సాయంత్రానికి అయిదుసార్లు. వేళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి. రంగు వెలిసి, గుడ్డ మెత్తబడింది. అయినా అది ఉతికిన కొత్త చొక్కాలాగే ఉంది.

సెట్లో నటులకి బట్టలు తొడిగే పెద్దాయన బీడీ ఆర్పేసి దగ్గరికొచ్చాడు. ఆయన చొక్కా అంచు పొడవునా పిన్నీసులే, అందుకే పిన్నీసన్న అయ్యాడు. చొక్కాని వెలుతురుకేసి పట్టుకుని చూశాడు.

"నోట్‌బుక్కూ, ఒకటి చెప్తా, రాసుకో. సోడా బట్టని పాతది చేస్తుంది, అంతే. అది ఫలానావాడి బట్ట అనిపించాలంటే ఎవడో ఒకడు తొడుక్కోవాలి. మూడు రోజులు ఎవరికైనా తొడిగెయ్."

"స్టోర్ బట్ట బయటికి తీసుకెళ్ళచ్చా అన్నా?"

"రిజిస్టర్‌లో రాసి తీసుకెళ్ళు. ఇదివరకు మీ మేడమ్ కూడా తీసుకెళ్ళేది. ఇప్పుడంటే టైం లేదు గానీ."

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో, కిటికీ దగ్గర చాప వేసుకుని తల్లీకూతుళ్ళు కాలరు తిరగేశారు. వాడి వాడి పీచులేచిన కాలరుని విప్పి, లోపలి వైపుని బయటికి తిప్పి మళ్ళీ కుడితే చొక్కాకి ఇంకో రెండేళ్ళు ఆయుష్షు. అమ్మాయి ముందు గరుకు కాగితంతో కాలరు మడత మీద దారాలు లేచేదాకా రుద్దింది. తర్వాత విప్పింది. తల్లి పక్కన కూర్చుని పాత కుట్టు రంధ్రాల్లోంచే సూది ఎలా పోనివ్వాలో చూపించింది.

"ఇదంతా చదువా?" అంది తల్లి. "డిగ్రీ చేసి, మళ్ళీ రెండేళ్ళు కాలేజీకెళ్ళి, కొత్త చొక్కా పాతది చేయడం నేర్చుకున్నావు. మేము చదువుకోకుండానే చేసేస్తున్నాంగా."

"మీకు ఎనిమిదేళ్ళు పడుతుంది. నాకు అయిదు రోజులే ఇచ్చారు."

"సరే, ఆ గుండీ చూడు. రెండోది పోయిందనుకో. ఏం చేస్తావ్?"

"కొత్తది కుడతాను."

"కుట్టావులే. అలాంటి గుండీ మళ్ళీ దొరకద్దూ? అన్నింటికంటే కిందది తీసి పైన కుట్టాలి. వేరే రకం గుండీ కింద కుట్టాలి. అది ప్యాంటులోకి పోతుంది, ఎవడు చూడొచ్చాడు?"

అమ్మాయి కింది గుండీ కత్తిరించింది. డబ్బాలోంచి రంగు కాస్త తేడాగా ఉన్న గుండీ ఏరి అక్కడ కుట్టింది. అది ఏ కెమెరాకీ కనిపించదని తెలుసు. అయినా కుట్టింది. మోచేతుల జోలికి మాత్రం పోలేదు. తండ్రి చొక్కాలు మోచేతుల దగ్గర చిరగ్గా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆయన తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. మడతపడే ఇనపతలుపున్న పాతకాలపు లిఫ్టు. కూర్చోడానికి స్టూలు లేదు కాబట్టి రోజంతా గోడకి ఆనుకుని నిలబడతాడు. ఆయన చొక్కాలన్నీ వీపు మీద రెండుచోట్ల, రెక్కల ఎముకల దగ్గర, పల్చబడి పోతాయి. ఆ తర్వాత తలుపు లాగే కుడిచేతి కఫ్ పోతుంది. ఈ చొక్కాకి కూడా అచ్చం అక్కడే అరుగుదల రావాలని ఆమె ఆశ.

తండ్రి ఆ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. భుజాలు సరిపోయాయి.

"ఇది సినిమా వాళ్ళదా తల్లీ?"

"టీవీ వాళ్ళది. సోమ, మంగళ, బుధ డ్యూటీకి ఇదే వేసుకెళ్ళు నాన్నా. రోజూ ఎలా ఉంటావో అలాగే ఉండు. ఇది బాగా వస్తేనే మేడమ్ సంతకం పెడతారు."

"ఓహో," అన్నాడాయన. ఆ మాట విన్నాక జేబులో ఉన్న పెన్ను తీసి పక్కన పెట్టేశాడు. అమ్మాయి సూదులు సర్దుకుంటూ అది గమనించలేదు.

బుధవారం సాయంత్రం తండ్రి వేరే చొక్కాతో ఇంటికొచ్చాడు. టీవీ వాళ్ళ చొక్కా హ్యాంగరుకి తగిలించి, పైన న్యూస్ పేపరు చుట్టి, జెండాలాగా ఎత్తి పట్టుకుని తెచ్చాడు. బస్సులో జనం నలిపేస్తారని డ్యూటీ దిగాక మార్చేసుకున్నాడట.

అమ్మాయి పేపరు విప్పి చొక్కాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. వీపు తిప్పి చూసింది. ఆదివారం ఎలా ఉందో అలాగే ఉంది. కాలరు లోపల చెమట చార కూడా లేదు. చేతుల మీద ఇస్త్రీ గీత కాగితం మడత పెట్టినట్టు నిలబడి ఉంది.

"నాన్నా, ఆనుకోలేదా?"

"లేదమ్మా."

"మూడు రోజులూ?"

"లిఫ్టు గోడకి గ్రీజు ఉంటుంది తల్లీ. మరక పడితే నీ సంతకం పోదూ?" ఆయన కుర్చీలో మెల్లగా, రెండు చేతులూ ఆనించుకుని కూర్చున్నాడు. "తలుపు లాగేటప్పుడు కఫ్ మడతపెట్టుకున్నాను. కాలరు లోపల జేబురుమాలు పెట్టుకున్నాను. భోజనం దగ్గర విప్పేసి బనీనుతో తిన్నాను. ఎక్కడైనా తేడా వచ్చిందా?"

"రాలేదు," అంది అమ్మాయి.

"మూడు రోజులు నిట్టాడులాగా నిలబడ్డాడు మహానుభావుడు," అంది తల్లి వంటగదిలోంచి. "నడుం పట్టేసిందే, నీకు చెప్పద్దన్నాడు. పొద్దున్నే లేచి ఇస్త్రీ కూడా ఆయనే. నన్ను ముట్టుకోనివ్వలేదు."

"నాన్నా, పాడుచేస్తావని ఇచ్చాను నాన్నా!"

"పాడుచేయమని చొక్కా ఇచ్చేవాళ్ళెక్కడైనా ఉంటారా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ముందే చెప్పద్దూ?"

చెప్పలేదు. రోజూ ఎలా ఉంటావో అలాగే ఉండమని చెప్పింది. పైగా సంతకం సంగతి కూడా చెప్పింది. తప్పెవరిదో వెతుక్కునే టైం లేదు. సంచిలోంచి గరుకు కాగితం తీసింది. చొక్కాని బల్ల మీద బోర్లా పరిచింది. రెక్కల ఎముకలు ఎక్కడొస్తాయో చేత్తో కొలిచి చాక్‌పీసుతో రెండు గుర్తులు పెట్టింది. పావుగంట రుద్దితే చాలు. తండ్రి కుర్చీలోంచి చూస్తున్నాడు. కాగితం గుడ్డకి తగలగానే ఆయన మొహం ముడుచుకుపోయింది, ఎవరో తన వీపు మీదే గీరినట్టు. కాసేపటికి తనలో తను నవ్వుకుంటూ అన్నాడు.

"మూడో అంతస్తు ఆఫీసరు లేడూ, సోమవారం నన్ను చూసి, 'ఏంటయ్యా, ఇవాళ ఎక్కడికైనా ఇంటర్వ్యూకి వెళ్తున్నావా?' అన్నాడు. మంగళవారం కూడా అదే మాట."

అమ్మాయి చెయ్యి ఆగింది.

"ఏమన్నాడు?"

"ఇంటర్వ్యూ అన్నాడమ్మా. కొత్త చొక్కా అనుకున్నాడేమో."

"కొత్త చొక్కా అన్నాడా, ఇంటర్వ్యూ అన్నాడా?"

"ఇంటర్వ్యూ అనే. కొత్తది కాదని చూస్తే తెలుస్తోందిగా."

ఆమె చొక్కాని ఎత్తి చూసింది. వెలిసిన పల్చటి గుడ్డ మీద కత్తిలాంటి ఇస్త్రీ గీత. తిరగేసిన కాలరు దగ్గర పాత మడత జాడ సన్నగా కనిపిస్తోంది. చాక్‌పీసు గుర్తులు చేత్తో దులిపేసింది. గరుకు కాగితం తిరిగి సంచిలో పెట్టేసింది. మేడమ్ ఏమంటుందో ఆమెకి దాదాపుగా తెలుసు.

అలాగే అంది.

"ఇస్త్రీ చేసి తెచ్చావా?" గురువారం పొద్దున్న మేడమ్ రెండు హ్యాంగర్లూ పక్కపక్కన తగిలించి వెనక్కి జరిగింది. కాలరు తిప్పి కుట్టు చూసింది. కింది గుండీ దాకా చూసింది. "పని శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది. దీన్ని ఇక్కణ్ణుంచి చూస్తే నాకేం కనిపిస్తోంది? ఓ మామూలు చొక్కా. అతని చొక్కా చూడు, కథ చెప్తోంది."

స్ప్రే చొక్కా నిజంగానే కథ చెప్తోంది. మోచేతులు చిరిగి, కాలరు నల్లబడి, ఒక జేబు వేలాడుతూ. పనితనం బాగుందని అమ్మాయికీ అనిపించింది.

"సీన్లో అతను..."

"టైం లేదమ్మా. లైటింగ్ అయిపోతోంది. వెళ్ళి ఆయనకి ఇది తొడుగు. నీదీ పట్టుకెళ్ళు, స్పేర్‌గా ఉంటుంది." మేడమ్ రెండు లాగ్‌బుక్కులూ బల్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టింది. స్ప్రేది పైన ఉంది. "నీది సాయంత్రం చూస్తాను."

మేకప్ గదిలో వాచ్‌మన్ వేషం వేసే నటుడు చేతులు చాచి నిలబడ్డాడు. సీరియళ్ళలో పేద తండ్రంటే ఆయనే. చొక్కా తొడిగించుకుంటూ వాసన చూసి ముక్కు ఎగబీల్చాడు.

"టీ బాగా మరిగింది," అన్నాడు. "నాయనా పిన్నీసూ, ఇన్నేళ్ళలో నాకు ఇస్త్రీ చొక్కా ఎన్నిసార్లు తొడిగావో చెప్పు?"

"రెండుసార్లండీ. రెండుసార్లూ మీ శవానికే."

అమ్మాయికి నవ్వాలనిపించలేదు. నటుడి భుజం మీద దారప్పోగు తీసేసి పక్కకి జరిగింది. తన చొక్కాని హ్యాంగరుతో సహా చేతి మీద వేసుకుని, సెట్లో కెమెరా వెనక గోడ పక్కన నిలబడింది. సంతకం సంగతి ఆలోచించకూడదనుకుంది. అదే ఆలోచించింది. వచ్చే ఏడు మళ్ళీ ఆరు వారాలు, మళ్ళీ ఇంకో యూనిట్, ఇంట్లో ఏం చెప్పాలి. 'బాగా చేశావు నాన్నా, నేనే చేయలేదు' అని చెప్పాలి.

ప్రిన్సిపాల్ గది సెట్. పెద్ద బల్ల, వెనక కిటికీ, కిటికీలోంచి గట్టి లైటు. రిహార్సల్ మొదలైంది. నటుడు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఆ చొక్కాలో ఆయన భుజాలు వాటంతటవే కుంగిపోయాయి. చేతులు జోడించి, వంగి, బల్ల దగ్గరికొచ్చాడు.

"ఆపండి," అన్నాడు డైరెక్టరు. మానిటర్లోకి చూస్తూ బుగ్గ గోక్కున్నాడు. "నాకో డౌటు. గేటు దగ్గర ఇద్దరు సెక్యూరిటీవాళ్ళని పెట్టాం. వీణ్ణి ఈ గది దాకా ఎవరు రానిచ్చారు?"

నటుడు నిటారుగా నిలబడి, ఆ వేలాడే జేబుని పట్టుకుని అన్నాడు.

"నాదీ అదే డౌటండీ. నేను వాచ్‌మన్ని కదా. ఇలాంటివాళ్ళని ఆపడమే నా ఉద్యోగం. ఎలా వెళ్తే ఆపరో నాకు తెలియదా?"

డైరెక్టరు నవ్వాడు. "ఇంకోటుందా మేడమ్?"

మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. గోడ పక్కకి చూసింది. "ఉంది. రామ్మా, తీసుకురా."

అమ్మాయి వెళ్ళింది. పిన్నీసన్న మొదటి చొక్కా విప్పగానే ఆమె తనది తొడిగింది. గుండీలు పెడుతుంటే నటుడు గొంతు తగ్గించి అడిగాడు.

"ఇది వేసుకున్నవాడు ఎలా ఉంటాడమ్మా?"

"ఆనుకోడండీ," అంది వెంటనే. తర్వాత కాస్త నిదానించి చెప్పింది. "కుర్చీ చూపించినా అంచునే కూర్చుంటాడు. వీపు తగలనివ్వడు. నలుగుతుందని."

"చెయ్యి?"

"తలుపు తీసేటప్పుడు కఫ్ మురికవకుండా వెనక్కి లాక్కుంటాడు. బతిమాలడు. వచ్చినపని అడుగుతాడు."

నటుడు తలూపాడు. బయటికెళ్ళి, తలుపు తీసుకుని మళ్ళీ లోపలికొచ్చాడు. ఈసారి భుజాలు కుంగలేదు. కుర్చీ దగ్గర ఒక్క క్షణం ఆగి, అరచేత్తో చొక్కా ముందుభాగం సర్దుకుని, అంచున కూర్చున్నాడు. కుర్చీ వీపుకీ ఆయన వీపుకీ మధ్య జానెడు ఖాళీ.

"టేక్ చేసేద్దాం," అన్నాడు డైరెక్టరు.

టేక్‌లో ప్రిన్సిపాల్ సీట్లన్నీ అయిపోయాయని చెప్పాక నటుడు లేచి, నమస్కారం పెట్టి, కిటికీ పక్కనుంచి తలుపు వైపు నడిచాడు. కిటికీ లైటు ఆయన వెనక పడింది. మానిటర్లో చొక్కా గుడ్డలోంచి బనీను పట్టీలు, భుజం అంచు, అన్నీ మసగ్గా కనిపించాయి. అంత పల్చటి గుడ్డ మీద ఇస్త్రీ గీత భుజం నుంచి కఫ్ దాకా తిన్నగా దిగింది. అది ఉన్నది రెండు సెకన్లే. మానిటర్ చుట్టూ ఉన్నవాళ్ళు ముందుకి వంగారు.

"ఓకే," అన్నాడు డైరెక్టరు. "భలే ఉంది మేడమ్ చొక్కా."

"మొదటిది నా ఎంపిక," అంది మేడమ్, అందరికీ వినపడేలాగా. "ఇది ఆ అమ్మాయిది."

స్ప్రే తన చొక్కా చంకలో పెట్టుకుని అమ్మాయి పక్కకొచ్చాడు. "నా సంగతేంటి? సీనియర్ దగ్గరికేనా?"

"ఫైట్ సీను వస్తుందిలే. అప్పుడు దీన్ని హీరోయే వేసుకుంటాడు."

"మాట తప్పకు," అని సీసా ఆమె మీదకి చూపించాడు.

మేడమ్ సెట్ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఒకటే లాగ్‌బుక్. అమ్మాయి వెళ్ళి ఎదురుగా నిలబడింది. కూర్చోమంటే కూర్చుంది.

"ఉతుకు ఎన్నిసార్లు?"

"అయిదు, సోడాతో. ఎండలో."

"కాలరు?"

"అమ్మ చూపించింది. నేను కుట్టాను."

"ఇస్త్రీ?"

"నాన్న చేశారు మేడమ్. మూడు రోజులు ఆయనే వేసుకున్నారు. నేను ఆనుకుంటారనుకున్నాను. నా ప్లాన్ అసలు వేరే. వీపు మీద అరుగుదల రావాలనుకున్నాను. ఆయన నిలబడే ఉన్నారు."

దాచకుండా చెప్పేసింది. మేడమ్ పెన్ను మూత తీసింది.

"నిన్న చూశావుగా అరగలేదని. అప్పుడు రుద్దచ్చుగా?"

"రుద్దబోయాను. మానేశాను."

"ఎందుకు?"

"ఆఫీసులో ఎవరో ఆయన్ని ఇంటర్వ్యూకి వెళ్తున్నావా అని అడిగారట. మన సీను కూడా అదే కదా మేడమ్."

మేడమ్ లాగ్‌బుక్ తెరిచి రాసింది. ఒక వాక్యమే. సంతకం పెట్టి, తేదీ వేసి, సిరా ఆరేలా ఊది ఆమెకిచ్చింది. అమ్మాయి అక్కడే చదువుకుంది. 'స్వతంత్రంగా పని చేయగలదు.' మళ్ళీ చదివింది. ఊపిరి పొడుగ్గా బయటికొచ్చింది. శనివారం నుంచి పట్టి ఉంచిన ఊపిరేమో అది.

"ఎక్కువ సంబరపడకు," అంది మేడమ్ లేస్తూ. "ఆదివారం వాన సీను. స్కూలు నుంచి తిరిగి వస్తూ తడుస్తాడు. రెండు టేకులైనా అవుతాయి. షెల్ఫ్ మీద మిగిలిన రెండు చొక్కాలూ తీసుకో. అచ్చం దీనిలాగే ఉండాలి, దారం తేడా రాకూడదు. కుదురుతుందా?"

"కుదురుతుంది మేడమ్."

మేడమ్ వెళ్ళాక అమ్మాయి షెల్ఫ్ మీది కొత్త చొక్కాలు రెండూ తెచ్చుకుని, ఒళ్ళో పెట్టుకుని ఫోన్ తీసింది. మధ్యాహ్నం మూడు. తండ్రి డ్యూటీలో ఉంటాడు. నాలుగో రింగుకి ఎత్తాడు.

"ఏమైంది తల్లీ?"

"పెట్టారు నాన్నా. సంతకం."

అవతల ఇనపతలుపు లాగిన చప్పుడు, ఎవరో 'ఆరో ఫ్లోర్' అన్న మాట వినిపించాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చొక్కాకి ఏం కాలేదుగా?"

"ఏం కాలేదు. వాళ్ళకి నచ్చింది. ఇంకో రెండు కావాలన్నారు, అచ్చం అలాంటివే."

"అయితే తెచ్చెయ్యి. రేపటి నుంచి వేసుకెళ్తాను." ఆ తర్వాత మెల్లగా అడిగాడు. "ఈసారి కూడా ఆనుకోకూడదా అమ్మా?"

అమ్మాయికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఈసారి నువ్వు వేసుకోనక్కర్లేదు నాన్నా. అది ఎలా చేయాలో నాకిప్పుడు తెలిసింది, నేను చేసుకుంటాను. నువ్వు హాయిగా ఆనుకో."

"ఖాయమేనా?"

"ఖాయం."

లిఫ్టు పైకి కదిలింది. ఆ చప్పుడులోనే, గోడ పలక కిర్రుమనడం, ఆ వెంటనే తండ్రి 'అమ్మయ్య' అనడం ఫోన్లో ఆమెకి స్పష్టంగా వినిపించాయి.